పసుపూ, రక్తనాళాలూ, కొన్ని స్విచ్చులూ

మా ఊరు బాల్కొండ. తెలియనివాళ్ళ కోసం: నిజామాబాద్ జిల్లాలో ఆర్మూరు దాటి నిర్మల్ వైపు పోతుంటే హైవే మీద తగులుతుంది. పసుపు, మక్కలు, ఎర్రజొన్నలు మా వైపు పంటలు. 2019 పార్లమెంటు ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేస్తే, బరిలో మొత్తం 185 మంది తేలి దేశమంతా నోరెళ్ళబెట్టింది గుర్తుందా? ఆ నియోజకవర్గమే మాది. బోర్డు 2025 జనవరిలో వచ్చింది. ఆ కథ ఇంకెప్పుడైనా.

ఇప్పటి కథ మా బాపుది. రెండేళ్ళ క్రితం ఆయనకి గుండెలో ఒక స్టెంటు వేశారు. రోజూ మూడు రకాల మాత్రలు. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే, మాత్రల డబ్బాలో ఒక అర నిండుగా అలాగే ఉంది. కొలెస్ట్రాల్ మాత్ర. పక్కనే కొత్త సీసా, పసుపు క్యాప్సూల్స్. "ఏంది బాపూ ఇది?" అంటే, "అమెరికోళ్ళే చెప్పిన్రు గదరా, పసుపు తింటే నరాలల్ల బ్లాకులు కరుగుతయని. మనం పండిచ్చేది మనం తినక గీ గోలీలెందుకు?" అన్నాడు. ఫోన్ తీసి చూపించాడు కూడా. ఎవరో పంపిన ఫార్వర్డ్.

మామూలుగా అయితే అలాంటివి చదవకుండానే తీసేస్తాను. కానీ దీంట్లో ఒక మాట ఆపింది. "పసుపులోని కర్క్యుమిన్ రక్తనాళాల లోపలి పొరలో ఎన్ఎఫ్-కప్పా-బి ని అడ్డుకుంటుంది" అని ఉంది. గాలి కబుర్లు చెప్పేవాడికి ఎన్ఎఫ్-కప్పా-బి తో పనేంటి? దీని వెనక నిజంగా ఏదో పేపర్ ఉండి ఉంటుంది అనిపించింది. ఇంజనీరింగులో బయాలజీ ముట్టుకోనివాణ్ణి, అయినా రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని తవ్వాను. పేపర్ ఉంది. దాని వెనక ఇంకా చాలా ఉంది. ఈ టపా ఆ తవ్వకం గురించే.

మొదట ఆ "లోపలి పొర" సంగతి. మన ప్రతి రక్తనాళానికీ లోపలి వైపున ఒకే ఒక్క కణం మందంతో ఒక పొర ఉంటుంది. ఎండోథీలియం అంటారు. ఆ పేరు పెట్టింది స్విట్జర్లాండుకి చెందిన విల్‌హెల్మ్ హిస్, 1865లో. పేరు పెట్టిన తర్వాత వందేళ్ళు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పెన్సిలిన్‌ని మందుగా మార్చిన ముగ్గురిలో ఒకడైన హోవర్డ్ ఫ్లోరీ 1966లో దీని గురించి రాస్తూ, చాలాకాలం మనవాళ్ళు దీన్ని కేంద్రకాలున్న సెల్లోఫేన్ కాగితంలా చూశారని వాపోయాడు. పైపుకి లోపల వేసిన ప్లాస్టిక్ లైనింగ్ అన్నమాట. రక్తం కారకుండా ఆపడం తప్ప దానికి వేరే పనేమీ లేదనుకున్నారు.

పట్టించుకోకపోవడానికి ఒక కారణముంది. ఆ కణాలని బయటికి తీసి పెంచడం ఎవరికీ చేతకాలేదు. 1973లో న్యూయార్క్‌లో ఎరిక్ జాఫీ బృందం, 1974లో బోస్టన్‌లో మైఖేల్ గింబ్రోన్ బృందం ఆ పని సాధించారు. ఎక్కడి నుంచి తీశారో తెలుసా? బొడ్డుతాడు నుంచి. కాన్పయ్యాక పారేసే బొడ్డుతాడులో పెద్ద సిర ఒకటి ఉంటుంది, దాన్ని కడిగి ఆ లోపలి కణాలని తీసి గాజు పళ్ళెంలో పెంచారు. ఈ రోజుకీ ప్రపంచంలో సగం ల్యాబుల్లో రక్తనాళాల పరిశోధన అంటే బొడ్డుతాడు కణాలే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇక ప్రమోటర్. (రియల్ ఎస్టేట్ ప్రమోటర్ కాదు :) ) మన ఒంట్లో కొన్ని రకాలని మినహాయిస్తే ప్రతి కణంలోనూ ఒకే డీఎన్ఏ ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే అన్ని సర్వర్ల మీదా ఒకే బైనరీ డిప్లాయ్ చేశారు. సుమారు 20,000 ప్రొటీన్ జీన్లు. మరి కాలేయం కాలేయంలా, రక్తనాళం రక్తనాళంలా ఎందుకుంటున్నాయి? ఏ జీన్ ఎక్కడ ఆన్ అవ్వాలి, ఎప్పుడు అవ్వాలి, ఎంత అవ్వాలి అన్నది చెప్పే ముక్క ప్రతి జీన్ ముందూ ఉంటుంది. అదే ప్రమోటర్. పారిస్‌లో జాకబ్, మోనో 1961లో బాక్టీరియాలో జీన్ల నియంత్రణకి దారి చూపించారు. ప్రమోటర్ అనే మాట 1964లో వాళ్ళ దగ్గర నుంచే వచ్చింది. ఆ ముక్కలో మళ్ళీ చిన్న చిన్న అక్షరాల గుంపులుంటాయి, ఐదూ ఆరూ పది అక్షరాలవి. ఒక్కో గుంపుకీ ఒక్కో ప్రొటీన్ వచ్చి అతుక్కుంటుంది. ఎన్ని అతుక్కున్నాయి, ఏవేవి అతుక్కున్నాయి అన్నదాన్ని బట్టి జీన్ ఆన్.

ఇది ఇఫ్-కండిషన్ లాంటిదని మొదట్లో అనుకున్నాను. కాదు. ఇఫ్-కండిషన్‌కి అవునూ కాదూ రెండే. ఇక్కడ ఓట్లు. పది మంది ఓటేస్తే బాగా ఆన్, ముగ్గురేస్తే కొంచెం ఆన్, కొందరు వ్యతిరేక ఓటేస్తారు, ఇంకొందరు పక్కవాడుంటేనే వేస్తారు.

1986, 1987 సంవత్సరాల్లో రెండు వేర్వేరు దారులు దగ్గరకొచ్చాయి. ఒకటి రంజన్ సేన్ అనే భారతీయ కుర్రాడు, అమెరికాలో డేవిడ్ బాల్టిమోర్ ల్యాబులో పోస్ట్ డాక్. యాంటీబాడీ తయారుచేసే బి-కణాల మీద పనిచేస్తూ, కప్పా అనే జీన్ దగ్గర డీఎన్ఏకి అతుక్కునే ఒక ప్రొటీన్ పట్టుకున్నాడు. బి-కణాల్లో కప్పా జీన్‌కి అతుక్కునే న్యూక్లియర్ ఫ్యాక్టర్, కాబట్టి ఎన్ఎఫ్-కప్పా-బి. పేరు పెట్టేటప్పటికి అది బి-కణాల సొంత సరుకనుకున్నారు. కొద్దికాలంలోనే అది దాదాపు అన్ని కణాల్లోనూ ఉందని తేలింది, కాకపోతే కట్టేసి ఉంటుంది. ఐ-కప్పా-బి అనే ఇంకో ప్రొటీన్ దాన్ని కేంద్రకం బయటే పట్టుకుని కూర్చుంటుంది. బయటి నుంచి అలారం వస్తే ఆ కాపలావాణ్ణి కణమే ముక్కలు చేస్తుంది, ఇది లోపలికి పరిగెత్తి తనకి సరిపోయే అక్షరాలున్న ప్రమోటర్లన్నిటి మీదా వాలుతుంది. అది ఆన్ చేసే జీన్లలో ఒకటి ఐ-కప్పా-బి ది. అంటే తనని కట్టేసేవాణ్ణి తనే మళ్ళీ పుట్టించుకుంటుంది. ఇది చదివినప్పుడు లేచి నాలుగడుగులు వేశాను. ఇంత శుభ్రమైన టైమ్-అవుట్ నేను రాసిన కోడ్‌లో ఎక్కడా లేదు.

రెండో దారి రక్తనాళాల వైపు నుంచి. 1987లో బోస్టన్‌లో మైఖేల్ బెవిలాక్వా, గింబ్రోన్ వాళ్ళు ఒక సంగతి చూశారు. పళ్ళెంలోని బొడ్డుతాడు కణాలు మామూలుగా నున్నగా ఉంటాయి, తెల్లరక్తకణాలు వాటికి అంటుకోవు. టీఎన్ఎఫ్ లేదా ఐఎల్-1 అనే అలారం ప్రొటీన్ ఇస్తే కొద్ది గంటల్లో ఆ కణాల పైన ఒక కొత్త ప్రొటీన్ మొలుస్తుంది. తెల్లకణాలకి అదొక కొక్కెం. నాలుగైదు గంటలకి పతాక స్థాయికి వెళ్ళి, ఒక రోజు గడిచేసరికి దాదాపు మాయమవుతుంది. తర్వాత దానికి ఇ-సెలెక్టిన్ అని పేరొచ్చింది. ముల్లు గుచ్చుకున్న చోట వాచి, ఎర్రబడి, చీము పట్టడం వెనక ఉన్నది ఇలాంటి కొక్కేలే.

సెల్లోఫేన్ కాగితం కొక్కేలు మొలిపించదు కదా. కాబట్టి ఎవరు ఆన్ చేస్తున్నారు అన్న ప్రశ్న వచ్చింది.

దాన్ని కనుక్కున్న పద్ధతి మనకి అర్థమయ్యేదే. జీన్ ముందున్న డీఎన్ఏ ముక్కని కోసి, దాని వెనక అసలు జీన్ బదులు తేలిగ్గా కొలవగలిగే ఇంకో జీన్ తగిలిస్తారు. బాక్టీరియా ఎంజైమో, మిణుగురు పురుగుని వెలిగించే ఎంజైమో. దాన్ని కణాల్లోకి ఎక్కించి, అలారం ఇచ్చి, ఎంత వెలిగిందో చూస్తారు. తర్వాత ముక్కని ఒక చివర నుంచి కొంచెం కొంచెం కోసుకుంటూ వస్తారు. ఎక్కడ కోస్తే వెలుతురు ఆరిపోయిందో అక్కడ స్విచ్ ఉన్నట్టు. బగ్ ఎక్కడుందో తెలియక కోడ్‌లో లైన్లు కామెంట్ చేసుకుంటూ పోతామే, అచ్చం అదే. ఒక్కో కోతకీ వారాలు పడతాయి, అంతే తేడా. 1990ల మొదట్లో టక్కర్ కాలిన్స్ ల్యాబుతో సహా కొన్ని చోట్ల ఇలా ఇ-సెలెక్టిన్ ప్రమోటర్ని విప్పి చూశారు. లోపల ఎన్ఎఫ్-కప్పా-బి కూర్చునే చోట్లు ఒకటి కాదు, పక్కపక్కనే కొన్ని. వాటి దగ్గర ఇంకో రకం ప్రొటీన్‌కి చోటు. వీటన్నిటినీ దగ్గరకి చేర్చి డీఎన్ఏని వంచే మరో ప్రొటీన్. ఏ ఒక్కటి తీసేసినా స్విచ్ సరిగా పడదు. వీక్యామ్-1 అనే ఇంకో కొక్కెం జీన్ ముందు చూస్తే అక్కడా ఎన్ఎఫ్-కప్పా-బి చోట్లు రెండు, పక్కపక్కనే.

వీక్యామ్ ఎందుకు ముఖ్యమంటే, 1991లో సైబుల్‌స్కీ, గింబ్రోన్ కొవ్వు తిండి పెట్టిన కుందేళ్ళ రక్తనాళాల్లో, బ్లాకులు మొదలయ్యే చోట ఎండోథీలియం మీద అదే ప్రొటీన్ మొలవడం చూశారు. ముల్లు గుచ్చుకోలేదు, సూక్ష్మజీవి లేదు. అయినా అలారం మోగుతోంది, తెల్లకణాలు వచ్చి గోడలో దూరుతున్నాయి. బ్లాకు అంటే పైపులో గ్రీజు పేరుకోవడం కాదు, గోడలో ఆరకుండా రగులుతున్న వాపు. మా బాపుకి వేసిన స్టెంటు కథ అలా ఎప్పుడో ఒక ప్రమోటర్ దగ్గర మొదలై ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కుముడి. కొలెస్ట్రాల్ ఒళ్ళంతా తిరిగే రక్తంలోనే ఉంటుంది. షుగరూ, బీపీ కూడా అంతే. మరి బ్లాకులు అన్ని చోట్లా సమానంగా రావాలి కదా? రావు. రక్తనాళం చీలే చోటా, వంపు తిరిగే చోటా వస్తాయి. తిన్నగా ఉన్న చోట తక్కువ. మా వైపు వాళ్ళకి ఇది చెప్పాల్సిన పనిలేదు. పోచంపాడు నుంచి వచ్చే కాలువలు చూస్తూ పెరిగినవాళ్ళం. తిన్నగా పారే చోట నీళ్ళు గట్టుని రాసుకుంటూ వేగంగా పోతాయి, మలుపు దగ్గర సుడి తిరిగి నెమ్మదిస్తాయి, ఒండ్రు అక్కడే పేరుకుంటుంది. కానీ రక్తనాళంలో జరిగేది ఒండ్రు పేరుకోవడమంత తేలిక కాదు. ఆ గోడ బతికి ఉంది. ప్రవాహం తన మీద ఎలా రాసుకుంటోందో దానికి తెలుస్తుంది.

ఎలా తెలుస్తుంది? 1993లో నిట్జాన్ రెస్నిక్, కాలిన్స్, గింబ్రోన్ వాళ్ళు పీడీజీఎఫ్-బి అనే జీన్ ప్రమోటర్ మీద అదే కోతల ఆట ఆడారు, ఈసారి అలారం ప్రొటీన్ బదులు కణాల మీద ద్రవాన్ని పారిస్తూ. కోసుకుంటూ కోసుకుంటూ చివరికి ఆరక్షరాల దగ్గర ఆగారు. జి-ఎ-జి-ఎ-సి-సి. ఆ ఆరు ఉంటే ప్రవాహానికి జీన్ స్పందిస్తుంది, చెడగొడితే స్పందించదు. ప్రవాహం అనే ఒక భౌతికమైన బలం డీఎన్ఏలో ఆరక్షరాల దగ్గర చదవబడుతోందని మొదటిసారి చూపించారు. 1995లో ఇంకో సంగతి తేలింది: ఆ ఆరక్షరాల దగ్గర వచ్చి కూర్చునేవాళ్ళలో మన పాత మిత్రుడు ఎన్ఎఫ్-కప్పా-బి ఉన్నాడు.

తర్వాతి కాలంలో ఇది ఆరక్షరాలతో తెమిలే పని కాదని తెలిసింది. ప్రవాహానికి స్పందించే జీన్లు చాలా ఉన్నాయి, అన్నిటి ముందూ ఆ ఆరూ లేవు. సైన్సు చరిత్రలో నాకు నచ్చేది ఇదే, మొదటి జవాబు తప్పు కాదు, చిన్నది.

ఇంకో ప్రశ్న ఇంకా మొండిది. ఎన్ఎఫ్-కప్పా-బి దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటే ఇ-సెలెక్టిన్ ఎండోథీలియంలోనే ఎందుకు మొలుస్తుంది, చర్మంలోనో కాలేయ కణంలోనో ఎందుకు మొలవదు? "ఎండోథీలియం అయితే ఆన్" అని ఎక్కడో ఒక మాస్టర్ స్విచ్ ఉంటుందని చాలామంది వెతికారు. దొరకలేదు. 1995లో విలియం ఎయిర్డ్ వాళ్ళు, రక్తం గడ్డకట్టడానికి కావలసిన వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ జీన్ ప్రమోటర్ ముక్కని ఎలుకల్లో పెట్టి చూశారు. పళ్ళెంలో ఎండోథీలియం కణాల్లో చక్కగా వెలిగిన ముక్క అది. పెద్ద ఎలుకలో మెదడు రక్తనాళాల్లో వెలిగింది, మిగతా చాలా చోట్ల వెలగలేదు. నా మెషీన్‌లో పనిచేస్తోంది, ప్రొడక్షన్‌లో చెయ్యట్లేదు. వినలేదా ఎప్పుడైనా ఈ మాట? :) అంటే ఎండోథీలియం అంతా ఒకటి కాదు. మెదడులోది వేరు, గుండెలోది వేరు, చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఒకే ప్రమోటర్‌లో వేర్వేరు ముక్కలు చదవబడతాయి. 2004లో ఫిలిప్ మార్స్‌డెన్ బృందం ఇంకో తలుపు తెరిచింది. రక్తనాళాన్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ని తయారుచేసే జీన్ ఉంది. ఎండోథీలియంలో దాని ప్రమోటర్ శుభ్రంగా ఉంది, వేరే రకాల కణాల్లో అదే ప్రమోటర్ మీద మిథైల్ ముద్రలు బిగించి ఉన్నాయి. అక్షరాలు అవే, తాళం వేసి ఉంది. అక్షరాలు చదివితే చాలదు, తాళాలు కూడా చూడాలన్నమాట.

ఇప్పుడు పసుపు దగ్గరికి.

1995లో పసుపుకి సంబంధించి రెండు సంగతులు జరిగాయి. ఒకటి అందరికీ తెలుసు. గాయాలు మాన్పడానికి పసుపు వాడటం మీద మిస్సిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ వాళ్ళకి అమెరికా పేటెంట్ ఇచ్చింది. మషేల్కర్ నాయకత్వంలో మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు ముందుపెట్టి పోరాడితే 1997లో రద్దయింది. పేపర్లన్నీ రాశాయి, మా బళ్ళో సారు కూడా చెప్పాడు. రెండోది ఎవరూ రాయలేదు. హ్యూస్టన్‌లో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో భరత్ అగర్వాల్, తన సహచరుడు సింగ్‌తో కలిసి, కర్క్యుమిన్ ఎన్ఎఫ్-కప్పా-బి ని ఆపుతుందని ఒక పేపర్ వేశాడు. అగర్వాల్ సామాన్యుడు కాదు, 1980లలో జెనెన్‌టెక్‌లో టీఎన్ఎఫ్‌ని శుద్ధి చేసి వేరు చేసినవాడు. అలారం గంట ఏదో ముందు పట్టుకుని, తర్వాత దాన్ని మోగకుండా చేసేది వెతుక్కుంటూ పసుపు దగ్గరకొచ్చాడు.

1998లో ఆయన బృందమే రెండో అడుగు వేసింది. మా బాపు ఫోన్‌లోని ఫార్వర్డ్‌కి తాత ఈ పేపరే అని నా నమ్మకం. మనిషి ఎండోథీలియం కణాలకి ముందు కర్క్యుమిన్ ఇచ్చి, తర్వాత టీఎన్ఎఫ్ ఇచ్చారు. కొక్కేలు మొలవలేదు. ఇ-సెలెక్టిన్ లేదు, వీక్యామ్ లేదు, తెల్లకణాలు అంటుకోలేదు. ఎన్ఎఫ్-కప్పా-బి లోపలికి వెళ్ళలేదు, ప్రమోటర్ల మీద వాలలేదు.

ఈ ప్రయోగం చిన్నదేం కాదు. చదువుతుంటే నాకూ ఛాతీ పొంగింది. మా చేలో తవ్విన కొమ్ము, డ్రమ్ముల్లో ఉడకబెట్టి కల్లంలో ఎండబోసి మార్కెట్ యార్డుకి తోలిన కొమ్ము, అందులో రంగిచ్చే పదార్థం వెళ్ళి ప్రమోటర్ మీద ఎవరు కూర్చోవాలో నిర్ణయిస్తోందంటే మామూలు సంగతా?

తర్వాత రెండోసారి చదివాను. అందులో లేనివి కనబడటం మొదలైంది.

బ్లాకు కరగడం ఎక్కడా లేదు. అసలు ఆ పళ్ళెంలో బ్లాకే లేదు. కొద్ది గంటల కథ, అది కూడా అలారం మోగకముందే మందు ఇచ్చిన కథ. ఇరవై ఏళ్ళుగా గోడలో గట్టిపడిన దాని గురించి ఆ పేపర్ ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పానని అనలేదు కూడా.

ఇక మోతాదు. పళ్ళేల ప్రయోగాల్లో కర్క్యుమిన్ పదుల మైక్రోమోలార్లలో పోస్తారు. నోటితో మింగితే రక్తంలోకి ఎంత వెళ్తుంది? 2001లో తైవాన్‌లో రోగులకి రోజుకి 8 గ్రాముల దాకా శుద్ధమైన కర్క్యుమిన్ ఇచ్చి కొలిచారు. ఆ మోతాదుకి కూడా రక్తంలో పతాక స్థాయి సగటున 2 మైక్రోమోలార్ దాటలేదు. పసుపులో కర్క్యుమిన్ ఉండేదే నూటికి మూడు పాళ్ళు అటూ ఇటూ. 8 గ్రాములు కావాలంటే రోజుకి పావు కిలోకి పైగా పసుపు తినాలి. మా బాపుకి ఈ లెక్క చెప్తే క్వింటాల్ ధర గుణించుకుని నవ్వాడు. పేగుల్లోంచి సరిగా ఎక్కదు, ఎక్కిన కాస్తా కాలేయం గబగబా మార్చేసి పంపేస్తుంది. మిరియాల్లోని పైపరిన్‌తో కలిపితే ఎక్కువ ఎక్కుతుందని 1998లో బెంగళూరు వాళ్ళు చూపించారు, అందుకే క్యాప్సూల్ సీసాల మీద మిరియాల బొమ్మ ఉంటుంది. కాలేయాన్ని అలా పక్కకి తప్పించడం ఊరికే రాదు. ఇలాంటి క్యాప్సూల్స్ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్ళు వీటి జోలికి వెళ్ళేముందు డాక్టరుకి చెప్పాలని అంటారు. మా బాపు వేసుకునే మిగతా రెండు మాత్రలూ అవే.

2017లో నెల్సన్ అనే కెమిస్టూ సహచరులూ కర్క్యుమిన్ మీద అప్పటిదాకా వచ్చిందంతా వడపోసి ఒక పెద్ద సమీక్ష రాశారు. 120కి పైగా మానవ ప్రయోగాలు జరిగినా, సరిగ్గా నడిపిన ట్రయల్ ఒక్కటీ నెగ్గలేదని తేల్చారు. కర్క్యుమిన్ నిలకడ లేని పదార్థం, రకరకాల పరీక్షల్లో దొంగ పాజిటివ్‌లు ఇస్తుందని కూడా అన్నారు. కెమిస్టులు అలాంటి వాటికో పేరు పెట్టుకున్నారు, వాళ్ళ భాషలో తలనొప్పులు. ఈలోగా అగర్వాల్ ల్యాబు పేపర్లలో బొమ్మల మీద ప్రశ్నలొచ్చాయి. 2016లో ఒక్క పత్రికే ఒకేసారి ఆయనవి ఏడు పేపర్లు వెనక్కి తీసుకుంది, తర్వాత ఆ లెక్క ఇంకా పెరిగింది. దీన్నిబట్టి కర్క్యుమిన్ గురించి ఎవరేం చూసినా అబద్ధమే అనడం తప్పు, వేరే ల్యాబులు కూడా పళ్ళేల్లో ఇలాంటివి చూశాయి. కానీ ఒక ఇంటి పునాదిలో అన్ని రాళ్ళు వదులైనప్పుడు మా బాపుని ఆ ఇంట్లో పడుకోమని నేను చెప్పలేను.

ఇంతవరకూ చదివి "సరే, పసుపు బోగస్, వాపు సిద్ధాంతం కూడా బోగస్" అనుకునేవాళ్ళుంటారు. అదే తప్పు. స్విచ్ సరైనదే. 2017లోనే క్యాంటోస్ అనే ట్రయల్ ఫలితాలొచ్చాయి. గుండెపోటు వచ్చిన 10,000 మందికి పైగా, ఐఎల్-1 ని మాత్రమే ఆపే ఇంజెక్షన్. అవును, 1987లో పళ్ళెంలో ఇ-సెలెక్టిన్ మొలిపించిన ఐఎల్-1. కొలెస్ట్రాల్ ఏమీ తగ్గలేదు, అయినా 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 15 శాతం తగ్గాయి. ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి కూడా, ఆ అలారం ఊరికే పెట్టింది కాదు కదా. ఖరీదు, ఇన్‌ఫెక్షన్లు కలిసి గుండె మందుగా అది నిలబడలేదు. తర్వాత కొల్చిసిన్ వచ్చింది. అడవినాభి అని మన దగ్గర కూడా దొరికే విషపు మొక్కలో ఉండే పదార్థం. తక్కువ మోతాదులో ట్రయల్స్ నెగ్గి 2023లో అమెరికాలో గుండె మందుగా అనుమతి పొందింది. (దయచేసి ఆ దుంప ఎవరూ ముట్టుకోవద్దు, ప్రాణాలు పోతాయి.) మొక్కలోంచి వచ్చిందా ఫ్యాక్టరీలోంచి వచ్చిందా అన్నది కాదు లెక్క, మనుషుల మీద నిలబడిందా లేదా అన్నదే.

మా బాపు పక్కన పెట్టిన మాత్ర కూడా అలాంటి వంశానిదే. స్టాటిన్లు. జపాన్‌లో అకిరా ఎండో 1970లలో ఒక బూజులోంచి మొదటి స్టాటిన్‌ని తీశాడు. 1994లో స్కాండినేవియాలో 4,444 మంది మీద ట్రయల్ చేస్తే చావులు 30 శాతం తగ్గాయి. ముఖ్యంగా కొలెస్ట్రాల్ తగ్గించడం వల్లే. అయితే 2000ల తర్వాత మన స్విచ్చుల కథలోకి ఇది కూడా వచ్చి చేరింది. కేఎల్ఎఫ్-2 అనే ప్రొటీన్ ఉంది. ఎండోథీలియం మీద రక్తం తిన్నగా, ధారగా పారితే అది పెరుగుతుందని 2002లో డచ్ వాళ్ళు చూశారు. అది నైట్రిక్ ఆక్సైడ్ జీన్‌ని పెంచుతుంది, ఇ-సెలెక్టిన్‌నీ వీక్యామ్‌నీ తొక్కిపెడుతుంది. ఎలాగంటే, ప్రమోటర్ మీద ఎన్ఎఫ్-కప్పా-బి పని చేయాలంటే దానికి ఒక సహాయకుడు కావాలి, ఆ సహాయకుణ్ణి ఇది లాక్కుంటుంది. బోస్టన్‌లో ముకేశ్ జైన్ బృందం 2004లో ఇది చూపించి, 2005లో స్టాటిన్లు కూడా కణాల్లో కేఎల్ఎఫ్-2 ని పెంచుతాయని రాసింది. మలుపు దగ్గర కొక్కేలెందుకు మొలుస్తాయో, తిన్నటి చోట ఎందుకు మొలవవో దీంతో చాలావరకు అర్థమైంది.

ఈ స్టాటిన్-కేఎల్ఎఫ్ కథ కూడా పళ్ళెంలోదేగా అని మీరు అడగొచ్చు. నిజమే, అదే బొడ్డుతాడు కణాలు. అందుకే బాపుకి మాత్ర వేసుకోమని చెప్పింది దాన్ని చూసి కాదు, ఆ 4,444 మందిని చూసి.

చెప్పడం తేలిగ్గా జరగలేదు. మొదటిసారి నేను లాప్‌టాప్ తెరిచి బొమ్మలు చూపిస్తే లేచి పశువుల కొట్టం వైపు వెళ్ళిపోయాడు. "ఇరవై ఏండ్లు పసుపు పండిచ్చి నిన్ను సదివిచ్చిన, నువ్వు పసుపు పనికిరాదంటవా" అన్నాడు. అక్కడ ఆగిపోయాను. ఆయన వాదిస్తున్నది కర్క్యుమిన్ గురించి కాదని నాకు అప్పటిదాకా తట్టలేదు. ధర పడిపోయిన ఏళ్ళల్లో కూడా ఆ పంట వదలని మనిషి. పసుపుకి లోకం చివరికి విలువ ఇచ్చిందని ఆ ఫార్వర్డ్ చెప్పింది, కొడుకేమో కాదంటున్నాడు.

రెండోసారి లాప్‌టాప్ తియ్యలేదు. పొద్దున్నే కాలువ గట్టు మీద ఇద్దరం నడుస్తుంటే మలుపు దగ్గర ఆగి ఒండ్రు చూపించి మొదలుపెట్టాను. సుడి, గోడ, కొక్కేలు, పసుపు గాజు పళ్ళెంలో ఏం చేసింది, కడుపులోకి వెళ్తే ఎందుకు అందదు, మాత్ర ఏం చేస్తుంది. కూరలో పసుపు ఎప్పటిలాగే వెయ్యమన్నాను. అంతా విని, "మరి నడిస్తె?" అని అడిగాడు. నడిస్తే రక్తం జోరుగా పారుతుంది, ఆ గోడలకి అది మంచిదే అన్నాను. "గట్లయితె గోలీ ఏస్కుంట, నడుస్త. సీసా మీ అవ్వను పడెయ్యమను" అన్నాడు.

నెల తర్వాత రక్తపరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ మళ్ళీ దిగింది. సీసా మాత్రం ఇంకా గూట్లోనే ఉంది. మూత తియ్యలేదని అమ్మ చెప్పింది.